కుకురెయా చేతికి తగిలింది పెనాల్టీయేనట. మరి డోర్ట్‌మండ్‌లో ఇచ్చింది ఏమిటి?

ఖమ్మం_టు_స్టుట్‌గార్ట్:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

నేనుండేది స్టుట్‌గార్ట్ పక్కన. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో పని. యూరో 2024లో జర్మనీ, స్పెయిన్ క్వార్టర్ ఫైనల్ జూలై 5న మా ఊళ్లోనే పడింది. టికెట్ దొరికే ఆశ ఎటూ లేదు, అందుకే ఆఫీసు వాళ్లతో కలిసి ష్లాస్‌ప్లాట్జ్‌లో పెద్ద తెర ముందు నిలబడి చూశాను. స్పెయిన్ ఆటగాడు ఓల్మో 51వ నిమిషంలో గోల్ వేశాడు. జర్మనీ పనైపోయిందనుకుంటుండగా 89లో విర్ట్స్ సమం చేశాడు. అక్కడిదాకా అందరికీ గుర్తే.

ఎక్స్‌ట్రా టైమ్‌లో 106వ నిమిషం. జర్మనీ ముసియాలా బాక్సు అంచు నుంచి గట్టిగా కొట్టాడు. బంతి పోయి స్పెయిన్ డిఫెండర్ కుకురెయా ఎడమ చేతికి తగిలింది. మీటింగుల్లో ఎప్పుడూ గొంతు పెంచని మా టీమ్ లీడ్ చేతిలో బీరు సగం పక్కవాడి భుజం మీద పోసేసి "హ్యాండ్! హ్యాండ్!" అని ఎగిరాడు. రెఫరీ ఆంథొనీ టేలర్ మాత్రం కాదన్నట్టు సైగ చేసి ఆట సాగించాడు. వీఏఆర్ వాళ్లు, అంటే వీడియో చూసి రెఫరీకి సాయపడేవాళ్లు, కూడా సరేనన్నారు. కనీసం స్క్రీన్ దగ్గరకైనా పిలవలేదు. 119లో స్పెయిన్ మెరీనో తలతో కొట్టాడు, 2-1, జర్మనీ ఇంటికి. జర్మనీ టోనీ క్రూస్‌కి అదే ఆఖరి మ్యాచ్. ఆ రాత్రి ట్రామ్‌లో ఒక్కరూ నోరు విప్పలేదు.

సరే, ఆటన్నాక గెలుపోటములు ఉంటాయని వదిలేశాం. తీరా 2024 సెప్టెంబర్‌లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ వాళ్లు దేశాల సంఘాలకి పంపిన వివరణలో అది పెనాల్టీ ఇవ్వాల్సిందే అని రాశారట! గోల్ మీదికి వెళ్లే షాట్‌ని చేయి ఆపితే కఠినంగా చూడాలి, చేయి ఒంటికి బాగా దగ్గరగా ఉంటే తప్ప శిక్షించాలి, కుకురెయా చేయి అంత దగ్గరగా లేదు, ఇదీ సారాంశం. మా టీమ్ లీడ్ ఆ వార్తని ప్రింట్ తీసి, ఎర్ర పెన్నుతో గీతలు గీసి, క్యాంటీన్‌లో కాఫీ మెషీన్ పక్కన అతికించాడు. పర్చేజ్ విభాగంలో స్పెయిన్‌లోని బిల్బావో నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. మధ్యాహ్నానికల్లా దాని కిందే నీలం పెన్నుతో "2-1" అని రాసి పోయాడు. అప్పటినుంచి కాఫీకి వెళ్తే చాలు, పంచాయితీ.

నా అసలు సందేహం వేరే. దానికి ఆరు రోజుల ముందే డోర్ట్‌మండ్‌లో డెన్మార్క్ ఆటగాడు ఆండర్సన్ వేలికి బంతి అలా రాసుకుని పోయిందంతే. కంటికి కూడా కనపడలేదు. బంతిలో చిప్ ఉందని, గ్రాఫ్‌లో గీత లేచిందని చెప్పి జర్మనీకి పెనాల్టీ ఇచ్చారు. ఇక్కడేమో చేతికి అంత గట్టిగా తగిలితే ఏమీ లేదు. ఆ రెండూ ఒకే పుస్తకం చూసి ఇచ్చిన తీర్పులేనా? బిల్బావో ఆయన ఈ మాట ఎత్తితే మా జర్మన్లు నీళ్లు నములుతున్నారు. టేలర్ మీద నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. 2023లో బుడాపెస్ట్‌లో యూరోపా లీగ్ ఫైనల్ ఆడించింది ఆయనే. రోమా వాళ్లు హ్యాండ్‌బాల్ అని మొత్తుకున్నా ఇవ్వలేదు. అవతలి జట్టు సెవియా, అంటే మళ్లీ స్పెయిన్! నియమాలు బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే తేల్చండి.

గచ్చిబౌలి_గోల్‌కీపర్:

బ్రదర్, ముందు కళ్లు తుడుచుకో.

నేను పదిహేనేళ్లుగా స్పెయిన్ అభిమానిని, కాబట్టి నా మాటని ఆ లెక్కలోనే తీసుకో. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి మొదలై పన్నెండు దాటాక ముగిసింది. మెరీనో గోల్‌కి నేను వేసిన కేకకి కింద ఫ్లాట్ అంకుల్ "ఏమైంది బాబూ" అని ఫోన్ చేశాడు.

జర్మన్లు 106వ నిమిషం ఒక్కటే లెక్కపెడతారు. నాలుగో నిమిషంలో క్రూస్ వచ్చి మా పెద్రిని గుద్దితే కార్డు వచ్చిందా? ఎనిమిదో నిమిషానికి పెద్రి కుంటుకుంటూ బయటికి వెళ్లాడు, మళ్లీ ఆ టోర్నమెంటులో ఆడనే లేదు. తర్వాత క్రూస్ మా యమాల్ కాలు తొక్కినా కార్డు లేదు. క్రూస్‌కి పసుపు కార్డు వచ్చేసరికి 67వ నిమిషం. అన్నీ లెక్కగా ఇచ్చి ఉంటే ఎక్స్‌ట్రా టైమ్‌కి క్రూస్ మైదానంలో ఉండేవాడా అన్నది నా ప్రశ్న. అయితే పెద్రి బదులు వచ్చిన ఓల్మోనే మొదటి గోల్ వేశాడు, మెరీనోకి బంతి ఇచ్చిందీ వాడే. అది వేరే ఆనందం.

కుకురెయా చేయి ఎక్కడుంది? కింద వేలాడుతోంది, పైగా వెనక్కి పోతోంది. పైకెత్తి గోడలా పెట్టలేదే. వాడేమన్నా చేయి కోసి ఇంట్లో పెట్టి రావాలా? దానికి మీ జర్మన్లు ఏం చేశారు? మ్యూనిక్‌లో ఫ్రాన్స్‌తో సెమీఫైనల్లో వాడి కాలికి బంతి తగిలిన ప్రతిసారీ బూ అని అరిచారు. బెర్లిన్ ఫైనల్లోనూ అదే. ఇంగ్లాండ్ మీద 86లో ఒయార్సబాల్ వేసిన గెలుపు గోల్‌కి బంతి అందించింది ఎవరనుకున్నావ్? కుకురెయా.

ఇంకొకటి, టాపిక్ కాకపోయినా చెప్పాలి. గోల్ వేశాక మెరీనో కార్నర్ జెండా చుట్టూ పరిగెత్తాడు చూశారా? 1991లో వాళ్ల నాన్న ఒసాసునా తరఫున అదే స్టేడియంలో స్టుట్‌గార్ట్ మీద గోల్ వేసి అలాగే తిరిగాడు. అలాంటి రాత కనపడుతుంటే పెనాల్టీ గొడవేమిటి బ్రదర్!

ఆర్హుస్_అమ్మాయి:

మీ ఇద్దరి ఏడుపూ పక్కన పెట్టి మా డెన్మార్క్ సంగతి వినండి. నేనిక్కడ మాస్టర్స్ చేస్తున్నాను. జూన్ 29న హాస్టల్ కామన్ రూమ్‌లో చూశాం. ముందు ఉరుములు, మెరుపులని ఆట ఆపేశారు, ఇరవై నిమిషాలకు పైగా. రెండో సగం మొదలవగానే 48వ నిమిషంలో ఆండర్సన్ గోల్ వేశాడు. నేను ఎవరినో తెలియనివాళ్లని కౌగిలించుకున్నాను. అంతలోనే డిలేనీ కాలి వేలు ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. సెంటీమీటరంత తేడా అని మా అప్పటి కోచ్ యుల్మాండ్ ప్రెస్‌మీట్‌లో ఫోన్ తీసి ఆ బొమ్మ చూపించాడు. ఊపిరి తీసుకునేలోపే, 53లో, అదే ఆండర్సన్ చేతికి జర్మనీ రౌమ్ పక్కనుంచి గోల్ ముందుకి వేసిన బంతి (క్రాస్) తగిలిందని పెనాల్టీ. హావర్ట్జ్ కొట్టాడు. గోల్ పోయిందీ, పెనాల్టీ ఇచ్చుకుందీ ఒకే మనిషి, ఐదు నిమిషాల్లో!

మీటరు దూరం నుంచి వచ్చింది బంతి. పరిగెత్తే మనిషి చేతులు జేబులో పెట్టుకుని పరిగెత్తడు కదా. టీవీలో ఆ గ్రాఫ్ గీత టిక్కుమని లేవగానే నా పక్కన కూర్చున్న డేనిష్ అబ్బాయి "ఇదేమిటి, గుండె పరీక్షా?" అన్నాడు. నాకు మాత్రం క్రికెట్‌లో చిన్నప్పటినుంచీ చూసిన స్నికో, బంతి తగిలిన శబ్దాన్ని గీతగా చూపించేది, గుర్తొచ్చింది. అక్కడ బ్యాటుకి తగిలిందని తేలితే క్యాచ్ అవుట్, కథ ముగిసింది. ఇక్కడ తగిలిందని తేలితే మాత్రం ఏమైంది? తగలడం తప్పా? ఈ ఒక్కటీ నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

స్టుట్‌గార్ట్‌లో ఇవ్వనప్పుడు మా కామన్ రూమ్‌లో చప్పట్లు కొట్టారు. దాచడం ఎందుకు.

అనంత_విజిల్:

నేను అనంతపురం దగ్గర హైస్కూల్లో పీఈటీని. శని, ఆదివారాలు స్కూలు పిల్లల మ్యాచ్‌లకీ, ఊళ్ల మధ్య టోర్నమెంట్లకీ విజిల్ ఊదుతాను. ముందే చెప్పేస్తున్నా, మా వైపు స్పెయిన్ అంటే కాస్త ప్రేమ ఎక్కువ. స్పెయిన్ నుంచి విన్సెంట్ ఫెర్రర్ గారు వచ్చి ఆర్డీటీ అనే సేవా సంస్థ పెట్టింది ఇక్కడే. ఇక్కడి పిల్లలు చాలామంది బూట్లేసుకుని ఫుట్‌బాల్ ఆడింది ఆ మైదానాల్లోనే. అయినా ఆ రాత్రి నేను చూడగానే అనుకున్నది పెనాల్టీ అనే.

అమ్మాయి అడిగిన ప్రశ్న నుంచి మొదలుపెడతా, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. తగలడం తప్పు కాదు. నియమాల్లో 12వ దానిలో స్పష్టంగా ఉంది, చేతికి తగిలిన ప్రతి బంతీ నేరం కాదని. కావాలని తాకితే నేరం. కావాలని కాకపోయినా, చేతిని పెట్టిన తీరు వల్ల ఒళ్లు అసహజంగా పెద్దదైతే నేరం. 'అసహజంగా' అంటే ఆ క్షణంలో ఒళ్లు చేస్తున్న కదలికకి ఆ చేయి అక్కడ ఉండాల్సిన అవసరం లేకపోవడం. గోల్ వేసేవాడికి వేరే షరతు, అది ఇక్కడ అక్కర్లేదు. చేయి అంటే చంక అడుగు గీత నుంచి కిందికి. దానికి పైన తగిలితే భుజం, ఆట సాగుతుంది.

మా దగ్గర ఎర్రమట్టి నేల. ఒకసారి ఒక ఊళ్లో సెమీఫైనల్. డిఫెండర్ కుర్రాడు తెల్ల చొక్కా వేసుకున్నాడు. షాట్ వాడి చేతికి తగిలి బయటికి పోయింది. నేను పెనాల్టీ చూపించా. వాడు "తగల్లేదు సార్, తగల్లేదు" అని వేడుకుంటున్నాడు. చొక్కా చేతి మీద బంతి ముద్ర ఎర్రగా, గుండ్రంగా, కుట్లతో సహా పడి ఉంది! ఊరంతా చుట్టూ చేరి ఆ ముద్రే చూసి నవ్వుతోంది. వాళ్ల కోచ్ మాత్రం తెలివైనవాడు. "ముద్ర ఉంది సార్, ఒప్పుకున్నాం. కానీ ముద్ర చూసి ఇచ్చారా, చేయి చూసి ఇచ్చారా?" అన్నాడు. సరైన ప్రశ్న. నేను ముద్ర చూడకముందే వాడి మోచేయి పక్కటెముకల నుంచి విడిపోయి బయటికి రావడం చూశాను. అందుకే ఇచ్చాను. డోర్ట్‌మండ్‌లో చిప్ చేసింది ఆ మట్టిముద్ర పనే. సెకనుకి 500 సార్లు కొలిచే చిప్ అయినా తగిలిందా లేదా అన్నదే చెబుతుంది. నేరమా కాదా అన్నది చిప్‌కి తెలీదు. ఆ గ్రాఫ్ చూపించేసరికి జనం రెండూ ఒకటే అనుకున్నారు.

ఇక తమ్ముడి ప్రశ్న. అక్కడ వీఏఆర్ ఎందుకు దూరింది, ఇక్కడ ఎందుకు దూరలేదు? డోర్ట్‌మండ్‌లో రెఫరీ మైకేల్ ఆలివర్‌కి ఆ రాపిడి కనపడలేదు. కనపడనిదాని మీద ఆయన తీర్పు ఏమీ లేదు. వీఏఆర్ కొత్త సమాచారం ఇచ్చింది, స్క్రీన్ దగ్గరికి వెళ్లి మొదటిసారి తీర్పు చెప్పాడు. స్టుట్‌గార్ట్‌లో టేలర్ తగలడం చూశాడు, చేయి ఉన్న తీరూ చూశాడు, నేరం కాదని తేల్చాడు. అప్పుడు వీఏఆర్ వేసుకోవాల్సిన ప్రశ్న "ఇది పెనాల్టీయా?" కాదు. "రెఫరీ తీర్పు ఎవరు చూసినా తప్పనేంత తప్పా?" అన్నది. క్రికెట్ చూసేవాళ్లకి అంపైర్స్ కాల్ తెలుసు కదా, బంతి సగంకన్నా తక్కువగా వికెట్‌ని తాకుతోందంటే అంపైర్ అవుటంటే అవుట్, కాదంటే కాదు. బంతి ఒకటే, తీర్పులు రెండు. ఇక్కడా అంతే. టేలర్ పెనాల్టీ ఇచ్చి ఉంటే ఆ పెనాల్టీ కూడా నిలబడేదని నా నమ్మకం.

టేలర్ ఎందుకు ఇవ్వలేదో కూడా ఊహించొచ్చు. టోర్నమెంటుకి ముందు యూఈఎఫ్ఏ రెఫరీల పెద్ద రోసెత్తి చూపించిన ఉదాహరణల్లో చేయి నిటారుగా కిందికి, ఒంటికి దగ్గరగా, లేదా వెనక్కి పోతూ ఉంటే వదిలేయమన్న తీరు ఉంది. కుకురెయా చేయి కిందికే ఉంది, వెనక్కే పోతోంది. అక్కడిదాకా గచ్చిబౌలి సోదరుడిది నిజమే. కానీ చేతికీ నడుముకీ మధ్య సందు ఉంది. ఆ సందులోంచి పోవాల్సిన బంతి ఆగింది. నాకు కనపడింది ఆ సందే.

నాకు కోపం వచ్చేది టేలర్ మీద కాదు, ఈ వివరణల మీద. గోల్ మీదికి వెళ్లే షాట్ అయితే కఠినంగా చూడాలన్న మాట 12వ నియమంలో ఎక్కడా లేదు. బంతి ఎటు పోతోందన్నది హ్యాండ్‌బాల్ అవునా కాదా అనేదానికి లెక్కలోకి రాదు, కార్డు రంగు తేల్చడానికే వస్తుంది. 2024 జూలై నుంచి అందులో కూడా మార్పు చేశారు, కావాలని కాని హ్యాండ్‌బాల్‌తో ఖాయమైన గోల్ ఆపి పెనాల్టీ ఇస్తే ఎరుపు కాదు, పసుపు. మరి షాట్ సంగతి ఎక్కడిది? యూఈఎఫ్ఏ తన రెఫరీలకి ఇచ్చే సూచనల్లోది. పుస్తకం ఒకటి, పుస్తకం మీద సూచనలు ఒకటి, సూచనల మీద వివరణ ఇంకొకటి. 2023 నవంబర్‌లో పారిస్‌లో న్యూకాజిల్ మీద 98వ నిమిషంలో పీఎస్‌జీ తరఫున ఎంబాపె కొట్టిన పెనాల్టీ గుర్తుందా? బంతి న్యూకాజిల్ ఆటగాడు లివ్రమెంటో ఒంటికి తగిలి పైకి లేచి మోచేతికి తగిలింది. అదే ఏడాది ఏప్రిల్‌లో యూఈఎఫ్ఏ పిలిచిన పెద్దపెద్ద కోచ్‌లు, మాజీ ఆటగాళ్లు కూర్చుని, ముందు సొంత ఒంటికి తగిలి వచ్చే బంతికి శిక్ష వద్దని సలహా ఇచ్చారు. అయినా ఇచ్చేశారు. మర్నాడు ఆ వీఏఆర్ అధికారిని తర్వాతి మ్యాచ్ నుంచి తప్పించారు. న్యూకాజిల్‌కి పోయిన రెండు పాయింట్లు పోయినట్టే.

సెవియా అనుమానం మాత్రం వదిలేయ్ తమ్ముడూ. ఆ బుడాపెస్ట్ మ్యాచ్ తర్వాత విమానాశ్రయంలో టేలర్‌నీ, ఆయన కుటుంబాన్నీ జనం చుట్టుముట్టి కుర్చీ కూడా విసిరారు. మా స్థాయిలో నేను బైక్ దాకా నడిచి వెళ్లే దారే భయంగా ఉంటుంది కొన్నిసార్లు. అలాంటి అనుమానాలు అక్కడికే దారి తీస్తాయి.

గచ్చిబౌలి_గోల్‌కీపర్:

సార్, దండం. స్పెయిన్ మనిషి అయ్యుండీ ఇలా మాట్లాడితే ఎట్లా!

ఒక్క డౌట్. జర్మనీ కోచ్ నాగెల్స్‌మన్ మ్యాచ్ అయ్యాక అన్నాడు కదా, బంతి స్టాండ్స్‌లోకి పోతుంటే నేను అడగను, గోల్‌లోకి పోతుంటే మాత్రం లెక్కలోకి తీసుకోవాలి, ఇంత టెక్నాలజీ ఉంది, బంతి ఎటు పోయేదో లెక్కగట్టలేరా అని. అంటే బాల్ ట్రాకింగ్ పెట్టమనే కదా?

అనంత_విజిల్:

లెక్కగట్టొచ్చు, అందులో కష్టమేమీ లేదు. కానీ అది పెడితే ఆట మారిపోతుంది. షాట్ గోల్‌లోకి పోతుంటే పెనాల్టీ, పోస్టు పక్కనుంచి పోతుంటే లేదు అంటే, అదే చేయి, అదే తప్పు, శిక్ష మాత్రం కొట్టినవాడి గురిని బట్టి. క్రాస్ సంగతేమిటి? డోర్ట్‌మండ్‌లో రౌమ్ కొట్టింది క్రాస్, గోల్‌లోకి పోయేది కాదు. నాగెల్స్‌మన్ లెక్కన అది పెనాల్టీ కాదు. ఆ రోజు ఆయనేమీ వద్దనలేదు మరి.

ఆర్హుస్_అమ్మాయి:

సార్, ఈ ఒక్క వాక్యం స్క్రీన్‌షాట్ తీసుకుంటున్నాను. మా కామన్ రూమ్‌లో ఇంగ్లిష్‌లో చెప్పేస్తాను.

కానీ మీరు జారిపోయారు. మీరైతే ఆండర్సన్‌కి ఇచ్చేవారా?

అనంత_విజిల్:

విజిల్ నా చేతిలో ఉంటే ఇచ్చేవాణ్ణి కాదమ్మా, అసలు నాకు కనపడేది కాదు. చూపించాక కూడా ఇచ్చేవాణ్ణి కాదు. పరిగెత్తుతూ ఆగబోయే మనిషి చేయి బ్యాలెన్స్ కోసం అక్కడే ఉంటుంది, దూరం చూస్తే మీటరు. అయితే ఆలివర్ ఇచ్చింది ఘోరమని అనను. చేయి ఒంటికి దూరంగా, బయటికి చాచి ఉంది, ఆ రోజుల్లో వాళ్లకున్న సూచనల ప్రకారం ఇవ్వడానికి వీలుంది. కుకురెయాకి నేనిచ్చేవాణ్ణి, ఆండర్సన్‌కి ఇచ్చేవాణ్ణి కాదు. అంటే నేను రెఫరీనైతే జర్మనీకి రెండు మ్యాచ్‌ల్లోనూ ఒక్కో పెనాల్టీ అటూఇటూ అయ్యేది, స్టుట్‌గార్ట్‌కి వచ్చేవాళ్లో లేదో కూడా తెలీదు.

ఖమ్మం_టు_స్టుట్‌గార్ట్:

అన్నా, చాలా థాంక్స్. టేలర్ చూశాడు, ఆలివర్ చూడలేదు, అందుకే వీఏఆర్‌కి వచ్చిన ప్రశ్నలు వేరు, ఇది బాగా ఎక్కింది. సెవియా మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఇవాళ కాఫీ టైమ్‌లో మా టీమ్ లీడ్‌కీ బిల్బావో ఆయనకీ మీ అంపైర్స్ కాల్ ఉదాహరణ చెప్పబోయాను. ముందు ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. కాఫీ కప్పులు మూడు నిలబెట్టి స్టంప్స్ అన్నాను, షుగర్ ప్యాకెట్ ప్యాడ్ అన్నాను. బ్రేక్ అయిపోయింది గానీ లెగ్ స్టంప్ బయట పడితే ఎందుకు అవుట్ కాదో వాళ్లకి ఎక్కలేదు. ఇప్పుడు ఇద్దరూ ఒక్కటైపోయి, ఇంత అన్యాయమైన ఆట మీరెలా చూస్తారని నా మీద పడ్డారు.

అనంత_విజిల్:

షుగర్ ప్యాకెట్ అవతల పెట్టు తమ్ముడూ. రేపు ఆ రీప్లే ఫోన్‌లో పెట్టి, గోల్ వెనక కెమెరా నుంచి తీసింది, బంతి తగిలే క్షణం దగ్గర ఆపి, చేతికీ నడుముకీ మధ్య చూడమను. సందు కనపడిందంటే పెనాల్టీ అంటాడు, కనపడలేదంటే కాదంటాడు. బిల్బావో ఆయనకి కనపడదులే.